మాట్లాడగలిగినంత వేగం

అరవై దాటినవాళ్లు ఎంత వేగంగా పరుగెత్తాలి? ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు కావాలంటే దొరుకుతుంది. 220లోంచి వయసు తీసేయండి, వచ్చింది మీ గుండె గరిష్ఠ వేగం, అందులో అరవై డెబ్బై శాతం దగ్గర పరుగెత్తండి అంటుంది పాత సూత్రం. 2001లో హిరోఫుమి తనాకా బృందం చాలా పరిశోధనల ఫలితాలను ఒకచోట చేర్చి చూసి దాన్ని సవరించింది. వయసును 0.7తో హెచ్చవేసి 208లోంచి తీసేయమంది. డెబ్భై ఏళ్ల మనిషికి మొదటి లెక్కలో 150 వస్తే, రెండో లెక్కలో 159 వస్తుంది. ఏ సూత్రమైనా సగటు మనిషికే సరిపోతుంది. ఒకే వయసున్న ఇద్దరి గరిష్ఠ వేగాల మధ్య ఇరవై తేడా ఉండటం మామూలు విషయం. పైగా మన దగ్గర అరవై దాటినవాళ్లలో బీపీకో గుండెకో మాత్ర వేసుకునేవాళ్లు ఎందరో. ఆ మాత్ర బీటా బ్లాకర్ రకమైతే అది గుండె వేగాన్ని అణచిపెడుతుంది కాబట్టి చేతి వాచీలో కనిపించే అంకె శ్రమను ఉన్నదానికన్నా తక్కువ చేసి చూపిస్తుంది.

అందుకే పరుగు తెలిసినవాళ్లు వాచీని నమ్ముకోరు, మాటను నమ్ముకుంటారు. పక్కన పరుగెత్తే మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా? అయితే వేగం సరిగ్గానే ఉంది. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారా? కొంచెం ఎక్కువైంది. ‘ఊఁ’, ‘ఆఁ’ తప్ప ఇంకేమీ రావడం లేదా? తగ్గించండి.

ఇది వినడానికి చిట్కా వైద్యంలా అనిపించినా దీని వెనక గట్టి శరీరధర్మశాస్త్రం ఉంది. మాట్లాడేటప్పుడు మనం గబుక్కున ఊపిరి పీల్చి, నెమ్మదిగా, చాలాసేపు వదులుతాం. ఆ వదిలే గాలి మీదే మాట నడుస్తుంది. పరుగు వేగం పెరిగేకొద్దీ కండరాల్లో పుట్టే బొగ్గుపులుసు వాయువు కూడా పెరుగుతుంది. ఒక దశ దాటాక దాన్ని బయటికి పంపడానికి శ్వాస ఒక్కసారిగా జోరందుకుంటుంది. ఆ దశను శ్వాస తొలి గడప అనవచ్చు. అది దాటితే నిదానంగా గాలి వదిలే వెసులుబాటు శరీరానికి ఉండదు, కాబట్టి వాక్యం ముక్కలైపోతుంది. గడపకు ఇవతల ఉన్నంతసేపూ కండరాలకు ఇంధనంలో పెద్ద వాటా కొవ్వు నుంచి వస్తుంది, పుట్టిన లాక్టేట్ పుట్టినట్టే ఖర్చయిపోతుంది, మర్నాటికి ఒళ్లు తేరుకుంటుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన లా క్రాస్ ప్రాంగణంలో కార్ల్ ఫాస్టర్ బృందం ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తేవాళ్ల చేత, అక్కడి బడిపిల్లలు రోజూ చెప్పే ప్రతిజ్ఞను చదివించి చూసింది. హాయిగా చదవగలిగే చివరి వేగం, యంత్రాలు చూపించిన ఆ గడపకు చాలా దగ్గరగా వచ్చింది.

ఒంటరిగా పరుగెత్తేవాడు తనకు తానే ప్రతిజ్ఞ చెప్పుకుంటూ పరుగెత్తడు. ఈ కొలత రోజూ పనిచేయాలంటే పక్కన వినే మనిషి ఉండాలి. వయసు మళ్లినవాళ్ల పరుగులో తోటి మనుషుల స్నేహాన్ని కాలక్షేపంగా, పరుగుకు అదనంగా దొరికే సంతోషంగా చాలామంది చూస్తారు. నా దృష్టిలో అది సాధనలో పనిచేసే భాగమే. వేగాన్ని అదుపులో పెట్టేదీ, నాగా పడకుండా చూసేదీ, ప్రమాదాన్ని ముందు పసిగట్టేదీ తోటివాళ్లే.

హైదరాబాదులో కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న బాట మీద తెల్లవారుజామున నిలబడితే ఇది కళ్లారా కనిపిస్తుంది. ఆరేడుగురు వస్తుంటారు, అందరూ యాభై అయిదుకీ డెబ్భై అయిదుకీ మధ్యవాళ్లు. బ్యాంకులో రిటైరైన ఆయన డాలస్‌లో ఉన్న మనవడి సంగతులు చెప్తుంటాడు. ఆ బాట చదునుగా ఉండదు, ఎగుడూ దిగుడూ తగులుతూనే ఉంటాయి. ఎగుడు మొదలవగానే మనవడి కథ రెండు మాటలకొకసారి తెగుతుంది. వెనక వస్తున్న లెక్కల మేడమ్ తల కూడా తిప్పకుండా అడుగుతుంది: “ఏం సార్, మాట తగ్గిందే?” ఆయన జవాబు చెప్పడు, అడుగు చిన్నది చేస్తాడు. మిగతా అందరి అడుగూ దానితోపాటే చిన్నదవుతుంది. ఎగుడు దాటాక కథ ఆగినచోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. ఎవరూ గుండె వేగం చూసుకోలేదు, ఎవరూ సలహా ఇవ్వలేదు. అయినా ఆ ఉదయపు పరుగు మొత్తం గడపకు ఇవతలే సాగింది.

నెమ్మదిగా పరుగెత్తడం వయసు పైబడ్డవాళ్ల రాజీ అనుకోవద్దు. స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త ప్రపంచస్థాయి క్రీడాకారుల సాధనను ఏళ్ల తరబడి పరిశీలించాడు. స్కీయింగ్ కానీ, పడవపందెం కానీ, దూరపు పరుగు కానీ, వాళ్ల సాధనలో సుమారు ఎనభై శాతం ఈ మాట్లాడగలిగే స్థాయిలోనే సాగుతుందని తేల్చాడు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చేసే పొరపాటు దీనికి తలకిందులు. రోజూ రొప్పుతూ పరుగెత్తి, మూడో వారానికి పిక్క పట్టేసి ఇంట్లో కూర్చుంటారు.

వయసు ఏం తీసుకుపోతుందో ఇప్పుడు చూద్దాం. శరీరం నిమిషానికి వాడుకోగల ఆక్సిజన్ గరిష్ఠ మోతాదును శాస్త్రజ్ఞులు వీఓటూ మాక్స్ అంటారు. ముప్పై దాటాక ఇది పదేళ్లకు సుమారు పది శాతం చొప్పున తగ్గుతుంది. కండరాల్లో వేగంగా బిగుసుకునే తంతువులు ముందు పోతాయి, నెమ్మది తంతువులు ఎక్కువకాలం నిలుస్తాయి. డెబ్భై ఏళ్ల మనిషి బస్సు అందుకోవడానికి ఉరకలేకపోయినా పది కిలోమీటర్లు నింపాదిగా పరుగెత్తగలగడానికి ఒక కారణం ఇదే. మడమ వెనక స్నాయువు లాంటివి మరమ్మతు కావడానికి చిన్నప్పటికన్నా చాలా ఎక్కువ రోజులు తీసుకుంటాయి. ఊపిరి పుంజుకున్నంత త్వరగా స్నాయువు పుంజుకోదు. మధ్యవయసులో పరుగు మొదలుపెట్టినవాళ్లకు దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇక్కడే.

ఈ తరుగుదల ఆకారం ఎలా ఉంటుందో ఎడ్ విట్లాక్ చూపించాడు. లండన్‌లో 1931లో పుట్టి కెనడాలో స్థిరపడిన ఇంజనీరు ఆయన. డెబ్భై దాటాక మారథాన్‌ను మూడు గంటల లోపు ముగించిన మొదటి మనిషి. 73 ఏళ్ల వయసులో 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పరుగెత్తాడు. ఎనభైలో 3 గంటల 15 నిమిషాల 54 సెకన్లు. 85లో 3 గంటల 56 నిమిషాల 34 సెకన్లు. మొదటి ఏడేళ్లలో పోయింది ఇరవై ఒక్క నిమిషాలు, తర్వాతి అయిదేళ్లలో పోయింది నలభై నిమిషాలకు పైన. మనిషి ఒకడే, దూరం అదే, సాధన మానలేదు. తరుగుదల తిన్నని గీతలా దిగదు, ఎనభై తర్వాత వాలు పెరుగుతుంది. అయినా 81 ఏళ్ల వయసులో ఆయన్ని పరీక్షిస్తే వీఓటూ మాక్స్ 54 వచ్చింది. వ్యాయామం లేని ఆరోగ్యవంతుడైన పాతికేళ్ల కుర్రాడికి నలభై పైచిలుకు వస్తే గొప్ప.

విట్లాక్ లాంటివాళ్లు లక్షల్లో ఒకరు. మామూలు మనుషుల సంగతి చెప్పగలిగేది స్టాన్‌ఫర్డ్ పరిశోధన. జేమ్స్ ఫ్రైస్ అనే వైద్యుడు 1984లో, యాభై దాటిన పరుగువాళ్ల సంఘం నుంచి 538 మందినీ, పోలికకు పరుగు అలవాటు లేని 423 మందినీ తీసుకుని ఏటా ప్రశ్నావళి పంపడం మొదలుపెట్టాడు. పరుగు మోకాళ్లను అరగదీసి ముసలితనంలో మంచాన పడేస్తుందన్నది అప్పట్లో చాలామంది వైద్యుల మాట. పందొమ్మిదేళ్లు గడిచేసరికి పరుగెత్తనివాళ్లలో 34 శాతం మంది చనిపోయారు, పరుగువాళ్లలో 15 శాతం. కుర్చీలోంచి లేవడం, బట్టలు వేసుకోవడం, నడవడం లాంటి రోజువారీ పనుల్లో ఇబ్బంది మొదలవడం పరుగువాళ్లలో పదహారేళ్లు ఆలస్యమైంది. ఇందులో ఒక విషయం నాకు మరీ ముఖ్యం అనిపిస్తుంది. మొదట్లో వారానికి నాలుగు గంటలు పరుగెత్తినవాళ్లు, ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత వారానికి 76 నిమిషాలకు వచ్చేశారు. అంత తగ్గినా లాభం నిలిచే ఉంది. ఇది ప్రయోగం కాదు, పరిశీలన. ఆరోగ్యం ఉన్నవాళ్లే పరుగును ఎంచుకుని ఉండవచ్చు. పొగ, బరువు, జబ్బుల లెక్కలు సరిచేసి చూసినా తేడా మిగలబట్టే దీనికి విలువ.

మోకాళ్ల సంగతి కూడా అదే బృందం చూసింది. 45 మంది పరుగువాళ్లకూ 53 మంది మామూలు మనుషులకూ దాదాపు ఇరవై ఏళ్ల పాటు మధ్యమధ్యలో ఎక్స్‌రేలు తీశారు. చివరికి కీలు అరిగిన ఆనవాళ్లు పరుగువాళ్లలో 20 శాతం మందికి, రెండోవాళ్లలో 32 శాతం మందికి కనిపించాయి. అంత చిన్న గుంపులో ఈ తేడాను పట్టుకుని పరుగు మోకాళ్లను కాపాడుతుందని చెప్పలేం. చెడగొట్టలేదని మాత్రం చెప్పగలం. మోకాలికి ముందే దెబ్బ తగిలినవాళ్లు, అప్పటికే అరుగుదల ముదిరినవాళ్లు డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి.

ఇంతటి లాభానికి ఒకటే షరతు, సాధన ఆగకూడదు. ఆపేస్తే రక్తంలో ద్రవభాగం రోజుల్లోనే తగ్గుతుంది, కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియా సత్తువ వారాల్లో పడిపోతుంది. పాతికేళ్లవాడు నెల మానేసినా త్వరగా పుంజుకుంటాడు. అరవై అయిదులో నెల మానేస్తే పాత చోటికి రావడానికి అంతకు రెండింతలు పట్టినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఈ వయసులో మొదటి ప్రశ్న ఎంత దూరం, ఎంత వేగం అన్నది కాదు. రేపు పొద్దున మళ్లీ లేస్తారా లేదా అన్నదే.

లేవడం అంటురోగంలా ఒకరి నుంచి ఒకరికి పాకుతుందా? ఇది రుజువు చేయడం చాలా కష్టం. స్నేహితులిద్దరూ పరుగెత్తుతున్నారంటే ఒకరివల్ల ఒకరు పరుగెత్తుతున్నారని అర్థం కాదు, పరుగు ఇష్టం కాబట్టే స్నేహితులై ఉండవచ్చు. సినాన్ అరాల్, క్రిస్టోస్ నికొలైడిస్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టారు. వాళ్ల దగ్గర పదకొండు లక్షల మంది అయిదేళ్ల పరుగుల లెక్కలున్నాయి. పరికరాలు తమంతట తామే నమోదు చేసినవి కాబట్టి గొప్పలు చెప్పుకోవడానికి వీల్లేదు. వాళ్లలో ఒకరి పరుగు అంకెలు ఒకరు ఫోన్‌లో చూసుకునే స్నేహితులు చాలామంది వేర్వేరు ఊళ్లలో ఉన్నారు. వాతావరణం ఎవరి స్నేహాన్ని బట్టీ మారదు. ఒక ఊళ్లో వానపడితే అక్కడివాళ్ల పరుగు తగ్గుతుంది, అది సహజం. ఎండ కాస్తున్న ఇంకో ఊళ్లో వాళ్ల స్నేహితుడి పరుగు కూడా ఆ రోజు తగ్గితే? ఆ తగ్గుదలకు కారణం స్నేహం తప్ప వేరే లేదు. తగ్గింది. లెక్క తేలిందేమంటే, స్నేహితులు ఒక కిలోమీటరు ఎక్కువ పరుగెత్తిన రోజున మనం 0.3 కిలోమీటరు ఎక్కువ పరుగెత్తుతాం. వాళ్లు పది నిమిషాలు పెంచితే మనం మూడు నిమిషాలు పెంచుతాం. ఫోన్‌లో అంకె చూస్తేనే ఇంత ప్రభావం ఉంటే, గేటు దగ్గర చీకట్లో నిలబడి మన కోసం ఎదురుచూసే మనిషి ప్రభావం ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆడవాళ్ల విషయంలో దీనికి ఇంకో కోణం ఉంది. అయిదు గంటలకు చీకటి రోడ్డు మీదికి ఒంటరిగా వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోని చోట, తనకే ధైర్యం చాలని చోట, నలుగురున్న గుంపు ఉంటేనే పరుగు ఉంటుంది.

కలిసి శ్రమించడం ఒంటి మీద కూడా పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో 2010లో పన్నెండు మంది పడవపందెగాళ్ల చేత యంత్రాల మీద తెడ్డు వేయించారు, ఒకరోజు ఒంటరిగా, ఇంకోరోజు జట్టుగా. తర్వాత చేతికి బీపీ పట్టీ కట్టి బిగిస్తూ ఎంతవరకు ఓర్చుకోగలరో చూశారు. శ్రమ రెండు రోజులూ సమానమే. జట్టుగా చేసిన రోజున నొప్పిని ఓర్చుకునే శక్తి పెరుగుదల దాదాపు రెట్టింపు ఉంది. అంతకు నాలుగేళ్ల ముందు ప్రిన్స్‌టన్‌లో ఎలుకల మీద ఇంకా విచిత్రమైన ఫలితం వచ్చింది. చక్రం మీద పరుగెత్తే ఎలుకల మెదడులో కొత్త కణాలు పుడతాయి. అయితే గుంపుగా పెరిగిన ఎలుకల్లో ఆ లాభం కొద్ది రోజుల్లోనే కనిపించింది, ఒంటరిగా ఉంచిన ఎలుకల్లో అది బాగా ఆలస్యమైంది. ఎలుకను చూసి మనిషి గురించి తీర్పు చెప్పకూడదు, పన్నెండు మందిని చూసి లోకం గురించి చెప్పకూడదు. రెండూ ఒకే దిక్కు చూపిస్తున్నాయన్నంతవరకే చెప్పుకుందాం.

విట్లాక్ మాటేమిటి అని ఎవరైనా అడగాలి. ఆయన ఒంటరిగానే సాధన చేశాడు. ఒంటారియోలోని మిల్టన్ అనే ఊళ్లో తన ఇంటి దగ్గర్లోని శ్మశానవాటికలో చిన్న చుట్టు ఒకటి పెట్టుకుని, ఏకబిగిన మూడు గంటల వరకూ, నెమ్మదిగా, గుండ్రంగా తిరిగేవాడు. అందులో ఆనందమేమీ లేదని తనే చెప్పేవాడు కూడా. పందెం కోసం దాన్ని భరించాడు. నా వాదానికి ఇది గట్టి అభ్యంతరమే. ఒంటరిగా ఇంత కాలం నిలబడగలిగే మనుషులు ఉన్నారు, వాళ్లకు వేగాన్ని అదుపులో పెట్టుకోవడం పక్కవాడు చెప్పకుండానే తెలుసు. అలాంటి స్వభావం లేనివాళ్లే లోకంలో ఎక్కువ.

ఫౌజా సింగ్ కథ రెండో దారిది. జలంధర్ దగ్గరి బియాస్ పిండ్ అనే పల్లెలో రైతు. భార్య పోయింది, తర్వాత కొడుకు కుల్దీప్ కళ్ల ముందే ప్రమాదంలో పోయాడు. లండన్‌లో ఇంకో కొడుకు దగ్గరికి చేరాక, ఆ దుఃఖంలోంచి బయటపడటానికి ఎనభై దాటిన వయసులో పరుగు పట్టుకున్నాడు. తూర్పు లండన్‌లో హర్మందర్ సింగ్ అనే శిక్షకుడు దొరికాడు, ‘సిఖ్స్ ఇన్ ద సిటీ’ అనే పరుగు జట్టు దొరికింది, అందులో తనలాగే తలపాగాలు చుట్టుకున్న పెద్దవాళ్లు దొరికారు. 2000లో తన లెక్క ప్రకారం 89 ఏళ్ల వయసులో లండన్ మారథాన్‌ను 6 గంటల 54 నిమిషాల్లో పూర్తిచేశాడు. 2011లో టొరంటోలో నూరేళ్ల మనిషిగా 8 గంటల 11 నిమిషాల్లో ముగించాడు. పుట్టిన సర్టిఫికెట్ లేదని గిన్నిస్ పుస్తకం ఒప్పుకోలేదు. ఆ వయసు ఓ పదేళ్లు అటూ ఇటూ అయినా ఆయన చేసింది చిన్నదేమీ కాదు. 2025 జూలైలో సొంత ఊళ్లో రోడ్డు దాటుతుండగా ఏదో బండి గుద్ది చనిపోయాడు.

ఇక ప్రమాదాల సంగతి. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్లు, హాఫ్ మారథాన్లు పరుగెత్తిన కోటీ తొమ్మిది లక్షల మంది లెక్కలు తీస్తే, గుండె ఆగినవాళ్లు 59 మంది, వాళ్లలో చనిపోయినవాళ్లు 42 మంది. అంత పెద్ద గుంపులో ఇది అరుదైన ఘటనే. బతికినవాళ్లకూ పోయినవాళ్లకూ మధ్య పెద్ద తేడా తెచ్చింది మాత్రం పక్కనున్నవాళ్లు వెంటనే ఛాతీ మీద నొక్కుతూ సీపీఆర్ చేయడం. గుంపులో అందరూ ఒకపూట కూర్చుని అది నేర్చుకోవడం బూట్లు కొనుక్కోవడం కన్నా ముందు చేయాల్సిన పని.

మన ఊళ్లలో తరచుగా ఎదురయ్యేది గుండె కాదు, షుగరు. పరుగెత్తే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కోగలదు, షుగరు ఉన్నవాళ్లకు పరుగు ఇంత మేలు చేయడానికి కారణం అదే. ఇన్సులిన్ కానీ కొన్ని రకాల మాత్రలు కానీ వాడుతూ పరగడుపున పరుగెత్తేవాళ్లకు అదే చిక్కు తెస్తుంది. చక్కెర పడిపోతే మనిషికి తనకేమవుతోందో తెలియదు. మాట తడబడుతుంది, అడిగిన దానికి సంబంధం లేని జవాబు వస్తుంది, చల్లటి పూట కూడా చెమట కారుతుంది. రోజూ ఆ మనిషి మాట వినేవాళ్లకే తేడా తెలుస్తుంది. పాత గుంపుల్లో ఎవరు ఏ మాత్ర వేసుకుంటారో అందరికీ తెలుసు, ఒకరి జేబులోనైనా చక్కెర పొట్లం ఉంటుంది. దాహం సంగతి కూడా ఇలాంటిదే. వయసు పెరిగితే ఒంట్లో నీరు తగ్గినా దాహం అంతగా వేయదు. మే నెలలో ‘నాకొద్దు’ అన్న మనిషికే సీసా ముందు చేతికివ్వాలి.

పరుగయ్యాక టిఫిన్ బండి దగ్గర గంట గడుస్తుంది. ఆ గంటను నేను సాధనలో భాగంగానే లెక్కేస్తాను. అరవై దాటిన కండరం తక్కువ మాంసకృత్తులకు స్పందించదు. కుర్రవాళ్లకు ఒక పూటకు కిలో బరువుకు పావు గ్రాము సరిపోతే, వీళ్లకు 0.4 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి ఒక పూటకు 24 గ్రాములన్నమాట. రెండు ఇడ్లీలతో అది తీరదు. ఉప్మా పెసరట్టులో పెసరపప్పు ఉంది, నయం. రెండు ఉడికించిన గుడ్లు తోడైతే దాదాపు సరిపోతుంది. ఈ సంగతి పక్కవాడి ప్లేటు చూసి నేర్చుకున్నంత త్వరగా పుస్తకం చదివి ఎవరూ నేర్చుకోరు.

చివరికి ఒక చిక్కు మిగులుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గుంపులో వేగాలు విడిపోతాయి. ఒకరు అరవై రెండు, ఒకరు డెబ్భై నాలుగు. ఒకరికి స్టెంట్ పడింది, ఇంకొకరు ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు తయారవుతున్నారు. అందరూ ఒకే వేగంతో వెళ్తే ఎవరికీ సరిపోదు, ఎవరి వేగంతో వాళ్లు వెళ్తే పది నిమిషాల్లో చెల్లాచెదురైపోతారు. నెమ్మదిగా పరుగెత్తేవాళ్లు తమ కోసం మిగతావాళ్లు ఆగుతున్నారన్న మొహమాటంతో రావడం మానేస్తారు. గుంపులు చీలేది చాలావరకు ఇక్కడే.

దీనికి దూరం బదులు కాలం కొలిస్తే చాలు. అందరూ ఒకేచోట బయల్దేరతారు, ఎవరి మాట్లాడగలిగే వేగంతో వాళ్లు, పక్కన ఆ వేగానికి సరిపోయే ఒకరితో. ముప్పై నిమిషాలకు ఎవరు ఎక్కడుంటే అక్కడే వెనక్కి తిరుగుతారు. వేగంగా వెళ్లినవాళ్లు ఎక్కువ దూరం పోయారు కాబట్టి తిరుగుదారిలో అందరికన్నా వెనక ఉంటారు, నెమ్మదైనవాళ్లు ముందుంటారు. వెళ్లిన వేగంతోనే తిరిగొస్తే మరో ముప్పై నిమిషాలకు అందరూ బయల్దేరిన చోట ఒకేసారి కలుస్తారు. స్టెంట్ పడ్డాయన మూడు కిలోమీటర్లు పోయి రావచ్చు, మారథాన్‌కు తయారయ్యే ఆయన అయిదు పోయి రావచ్చు. ఇద్దరికీ గంట సాధనే అయింది, ఇద్దరి గుండెలూ తమ తమ గడపకు ఇవతలే ఉన్నాయి. ఒక్క జాగ్రత్త కావాలి. తిరుగుదారిలో ముందువాళ్లను దాటాలని ఎవరైనా ఊపిరి బిగబట్టి ఉరికితే లెక్క తప్పుతుంది. అలా దాటేవాళ్లను దాటిపోతున్నప్పుడే ఎవరో ఒకరు ఏదైనా ప్రశ్న అడగాలి. జవాబు పూర్తి వాక్యంలో వస్తే పోనివ్వచ్చు.